ఉచిత రిఫరెన్సు సాఫ్ట్‌వేర్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మన వంతు ఏమిటి?

నీలిసిరా:
అందరికీ నమస్కారం. మా పరిశోధన బృందమంతా జొటెరో వాడుతోంది (చదివిన వ్యాసాల, పుస్తకాల వివరాలు దాచి, గ్రంథసూచి తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ అది). ఉమ్మడి లైబ్రరీలో పీడీఎఫ్‌లు పెరిగిపోయి, నిల్వ నిండిందన్న సందేశం తెరిచినప్పుడల్లా కనిపిస్తోంది. స్థలం కొందామా అని అడిగితే బృందంలో రెండు మాటలు వినిపించాయి. "ఉచిత సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టడమేమిటి, ఇంకో ఉచితమైనదానికి మారిపోదాం" అన్నారు కొందరు. "ఇన్నేళ్లుగా మన థీసిస్‌లన్నీ దీనిమీదే నడిచాయి, దాన్ని నిలబెట్టేవాళ్లకు మనమూ ఏదో ఒకటి ఇవ్వాలి కదా" అన్నారు మిగిలినవాళ్లు. నా మనసు రెండో పక్షానే ఉంది కానీ, వాదించడానికి సమాచారం కావాలి. దీన్ని రాసేవాళ్లకు జీతాలు ఎవరిస్తున్నారు? మనం కట్టేది వాళ్లకే చేరుతుందా? రేపు ఏ పెద్ద సంస్థో కొనేస్తే మన సంగతేమిటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాదసూచిక:
నీలిసిరా గారూ, ముందు ఒక అపోహ తొలగిద్దాం. ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ పరిమితి జతచేసిన ఫైళ్లకు మాత్రమే. పుస్తకాల, వ్యాసాల వివరాలు, మీ నోట్సు, ట్యాగులు ఎన్ని ఉన్నా వాటి సింక్‌కు రుసుము లేదు. ఫైళ్లకు ఇంకా చోటు కావాలంటే ఏడాదికి 20 డాలర్లకు 2 జీబీ, 60 డాలర్లకు 6 జీబీ, 120 డాలర్లకు పరిమితి లేని నిల్వ ఇస్తారు. అదీ వద్దనుకుంటే సొంత లైబ్రరీలోని ఫైళ్లను మీకు నచ్చిన వెబ్‌డావ్ (ఇంటర్నెట్ ద్వారా ఫైళ్లు దాచుకునే పద్ధతి) సర్వర్‌లో పెట్టుకోవచ్చు. ఆ సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. డబ్బు వచ్చే దారిని తప్పించుకునే మార్గాన్ని కూడా వాళ్లే అమర్చి ఇచ్చారు. వాళ్ల మీద నాకు నమ్మకం కుదరడానికి ఇదొక కారణం.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఈ నిల్వ చందాలే జొటెరో అభివృద్ధికి నిలకడైన ఆదాయం. ఇందులో ప్రకటనలు లేవు, వాటాదారులు లేరు. మీరు ఏం చదువుతున్నారో ఎవరికీ అమ్మరు. కాబట్టి మీరు కట్టే చందా సర్వర్ల అద్దెకూ, కోడ్ రాసేవాళ్ల జీతాలకూ పోతుంది.

వేగుచుక్క:
చరిత్ర నేను చెబుతాను, ఎందుకంటే ఇప్పటి పరిస్థితి అందులోంచే వచ్చింది. జొటెరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అక్కడి రాయ్ రోజెన్‌జ్వైగ్ చరిత్ర, నవమాధ్యమ కేంద్రంలో చరిత్రకారులు తమ అవసరం కోసం మొదలుపెట్టారు. అప్పట్లో అది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు అనుబంధం మాత్రమే. తొలినాళ్ల డబ్బు గ్రాంట్ల రూపంలో వచ్చింది: ఆండ్రూ డబ్ల్యూ. మెలన్ ఫౌండేషన్, ఆల్ఫ్రెడ్ పి. స్లోన్ ఫౌండేషన్, మ్యూజియంలకూ గ్రంథాలయాలకూ నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఐఎంఎల్‌ఎస్. ఇప్పుడు డిజిటల్ స్కాలర్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని నడుపుతోంది. ఒమేకా, ట్రోపీ అనే పరిశోధన సాఫ్ట్‌వేర్లు కూడా ఆ గూటివే.

గ్రాంటు ఇచ్చే సంస్థలకు కొత్తదనం మీద మక్కువ. "ఫలానా కొత్త సౌకర్యం కల్పిస్తాం" అని ప్రతిపాదన రాస్తే చదువుతారు. "ఉన్నదాన్ని పాడవకుండా చూసుకుంటాం" అని రాస్తే పక్కన పెడతారు. పైగా గ్రాంటు రెండు మూడేళ్లకే ముగుస్తుంది. ఆ గడువులో పనిలోకి తీసుకున్న మనిషి అంతా నేర్చుకుని ఆరితేరేసరికి జీతం ఆగిపోతుంది. గ్రాంటుతో పుట్టి గ్రాంటుతోనే మూతపడిన పరిశోధన సాఫ్ట్‌వేర్లు కోకొల్లలు. జొటెరో ఆ గండం దాటిందంటే, వాడుకరులే కొద్దికొద్దిగా కట్టే ఆదాయాన్ని సకాలంలో ఏర్పరచుకోవడం వల్లనే.

సందేహి:
వినడానికి బాగుంది. కానీ మెండలీ అనే ఇంకో రిఫరెన్సు సాఫ్ట్‌వేర్ విషయంలోనూ మొదట ఇలాగే అన్నారు. అది ఉచితమే, పరిశోధకులకు ఎంతో ఇష్టమైనదే. 2013లో పెద్ద ప్రచురణ సంస్థ ఎల్స్‌వియర్ కొనేసింది. 2018లో వాడుకరి సొంత కంప్యూటర్‌లో ఉన్న డేటాబేస్‌నే ఎన్‌క్రిప్ట్ చేశారు. దాంతో వేరే సాఫ్ట్‌వేర్ నేరుగా దాన్ని చదివి రికార్డులు తెచ్చుకునే దారి మూసుకుపోయింది. 2021లో ఫోన్ యాప్‌లు తీసేశారు. 2022 సెప్టెంబరు నుంచి పాత డెస్క్‌టాప్ ప్రోగ్రామును కొత్తగా దించుకునే వీలు కూడా లేదు. మాలో చాలామంది ఏళ్ల తరబడి రాసుకున్న నోట్సును బయటికి తీసుకోవడానికి నానా అవస్థలు పడ్డాం. జొటెరో ఆ దారిన పోదని ఎవరు హామీ ఇస్తారు?

అక్షరకోడ్:
సందేహి గారి ఆందోళన న్యాయమైనదే. హామీ మనుషుల మంచితనం మీద ఆధారపడకూడదు, అందుకే రాతలో ఏముందో చూద్దాం. జొటెరో లైసెన్సు ఏజీపీఎల్. అంటే కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చిన రూపాన్ని ఇతరులకు పంచినా, సర్వర్ మీద పెట్టి సేవగా అందించినా, వాళ్ల కోడ్‌నూ బయటపెట్టాలి. ఇప్పటిదాకా విడుదలైన కోడ్ మీద ఇచ్చిన ఆ హక్కును ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

ఇక డేటా సంగతి. మీ జొటెరో ఫోల్డరు తెరిచి చూడండి. జొటెరో డాట్ ఎస్‌క్యూలైట్ అని ఒక ఫైలు ఉంటుంది. పక్కనే స్టోరేజ్ ఫోల్డరు, దానిలో ఎనిమిదేసి అక్షరాల పేర్లతో చిన్న ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో ఒక్కో పీడీఎఫ్. అంతే. ఏ ఉచిత డేటాబేస్ పనిముట్టుతోనైనా ఆ ఫైలు తెరిచి పట్టికలు చదువుకోవచ్చు. తాళం లేదు. రేపు జొటెరో సంస్థ మూతపడినా మీ రికార్డులు, ఫైళ్లు మీ దగ్గరే, చదవగలిగే రూపంలో ఉంటాయి. మెండలీలో జరిగినదానికీ దీనికీ అసలు తేడా ఇదే.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. కోడ్ తీసుకుని వేరుకుంపటి పెట్టే హక్కు ఉండటం వేరు, పెట్టగలగడం వేరు. సింక్ సర్వర్లు, ఫోన్ యాప్‌లు, వర్డ్, గూగుల్ డాక్స్ అనుసంధానాలు, బ్రౌజర్ కనెక్టర్లు, వీటన్నిటినీ రోజూ చూసుకునే మనుషులు కావాలి. లైసెన్సు మనకు హక్కునిస్తుంది, మనుషులను ఇవ్వదు. ఆ మనుషుల కోసమే డబ్బు.

మూడోవరస:
డబ్బు గురించే మాట్లాడుతున్నారు కాబట్టి, డబ్బు తీసుకోకుండా పనిచేసేవాళ్ల గురించి నేను చెబుతాను. మీరు వర్డ్‌లో ఒక పత్రిక పేరు ఎంచుకోగానే గ్రంథసూచి మొత్తం ఆ పత్రిక నియమాల ప్రకారం మారిపోతుంది కదా. ఆ నియమాలు సీఎస్‌ఎల్ అనే చిన్న భాషలో రాసిన ఫైళ్లు. ఉమ్మడి భాండాగారంలో అలాంటివి 10,000కు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం "ఫలానా ప్రధాన శైలినే వాడు" అని చెప్పే నాలుగు లైన్ల ఫైళ్లు, మిగతావి పూర్తి శైలులు. రాసినవాళ్లలో, సరిదిద్దినవాళ్లలో అత్యధికులు స్వచ్ఛందంగా పనిచేసిన పరిశోధకులు, గ్రంథపాలకులు.

ఈ మధ్య నేనూ ఒక శైలిని సరిచేశాను. ఆ పత్రిక తన నియమం మార్చింది. రచయితలు ముగ్గురు దాటితే మొదటి పేరు రాసి "తదితరులు" అనాలని ఉండేది, ఇప్పుడు ఆరుగురి దాకా అందరి పేర్లూ రాయమంటోంది. శైలి ఫైలులో దానికి ఒక సంఖ్య ఉంటుంది. 4 తీసేసి 7 పెట్టాలి. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో ఆ ఒక్క అంకె మార్చి పంపాను. ముందు యంత్రమే ఫైలు నిర్మాణం తనిఖీ చేసింది. తర్వాత ఒక నిర్వాహకుడు "కొత్త నియమం పత్రిక సైటులో ఎక్కడుందో లింకు ఇవ్వండి" అని అడిగారు. ఇచ్చాను. ఇంకో రెండుచోట్ల విరామచిహ్నాలు కూడా మారాయని ఆయనే గమనించి సూచించారు. అవీ సరిచేశాక కలిపేశారు. ఆ పత్రికకు రాసేవాళ్లందరికీ, ఎక్కడున్నా, ఇప్పుడు గ్రంథసూచి సరిగ్గా వస్తుంది. ఆ నిర్వాహకుడు అంత ఓపికగా చూసింది నా ఒక్క అంకెను. అలాంటివి ఆయన ముందు నిత్యం వరుసకట్టి ఉంటాయి.

ఇంకో సంగతి. ఈ శైలుల లైసెన్సు క్రియేటివ్ కామన్స్, ఎవరైనా వాడుకోవచ్చు. అందుకే జొటెరోతో పాటు మెండలీ, పత్రాల రూపం మార్చే పాన్‌డాక్ వంటివీ వీటినే వాడతాయి. స్వచ్ఛంద సేవకులు చేసిన పని వాణిజ్య సంస్థల ఉత్పత్తులనూ నడుపుతోంది. నాకు దాని మీద అభ్యంతరం లేదు. కానీ లాభం పొందే సంస్థలు ఈ భాండాగారాన్ని చూసుకునేవాళ్లకు నిలకడగా తోడ్పడాలని గట్టిగా అడగాల్సిన సమయమిది.

వేగుచుక్క:
మూడోవరస గారు శైలుల మాట తెచ్చారు కాబట్టి ఒకటి గుర్తుచేస్తాను. ఎండ్‌నోట్ అనే వాణిజ్య రిఫరెన్సు సాఫ్ట్‌వేర్ అప్పట్లో థామ్సన్ రాయిటర్స్‌ది. దాని శైలి ఫైళ్లను జొటెరోలో వాడుకునే వీలు కల్పించారని 2008లో ఆ సంస్థ జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం మీద దావా వేసింది. 2009లో కోర్టు దాన్ని కొట్టేసింది. కామాలు ఎక్కడ పెట్టాలో చెప్పే ఫైలు మీద ఇంత పోరాటం జరిగిందంటే దాని విలువ అర్థమవుతుంది. ఇవాళ ఆ విలువ అంతా అందరి ఉమ్మడి ఆస్తిగా, తాళం లేకుండా ఉంది. దాన్ని కట్టింది స్వచ్ఛంద సమాజమే.

అక్షరకోడ్:
శైలులకన్నా చప్పున పాడయ్యేవి ట్రాన్స్‌లేటర్లు. బ్రౌజర్‌లో బటన్ నొక్కగానే వ్యాసం వివరాలు జొటెరోలోకి వచ్చేది వాటివల్లే. ఒక్కో సైటుకు ఒక్కో జావాస్క్రిప్ట్ ఫైలు. మొదటి భాగం ఆ పేజీ ఏమిటో తేలుస్తుంది: ఒక్క వ్యాసమా, పుస్తకమా, అన్వేషణ ఫలితాల జాబితానా. రెండో భాగం రచయితలు, సంవత్సరం, సంపుటి, పుటలు ఏరి తెస్తుంది. ఫైలు చివర పరీక్షలు ఉంటాయి, ఫలానా పేజీ నుంచి ఫలానా వివరాలు రావాలని. ప్రచురణకర్త తన సైటు రూపం మార్చిన రోజున ఆ పరీక్షలు తప్పుతాయి. వాడుకరికి కనిపించేది ఏమిటంటే, నిన్నటిదాకా పూర్తి వివరాలతో వచ్చిన వ్యాసం ఇవాళ ఉత్త వెబ్ పేజీగా సేవ్ అవుతుంది. వెంటనే "జొటెరో పాడైంది" అని ఫిర్యాదు రాస్తారు. ఇలాంటి సైట్లు వందల్లో ఉన్నాయి. ఎవరో ఒకరు కూర్చుని సరిచేస్తూనే ఉండాలి. కొత్త సౌకర్యం కాదు కాబట్టి ఏ గ్రాంటు ప్రతిపాదనలోనూ ఈ పని మెరవదు.

జొటెరోకు అదనపు సౌకర్యాలు చేర్చేందుకు బయటివాళ్లు రాసే ప్లగిన్‌లది ఇంకా కష్టం. వాటిలో చాలావాటికి ఒక్కరే ఆధారం. 2024 ఆగస్టులో జొటెరో 7 వచ్చినప్పుడు లోపలి పునాది ఫైర్‌ఫాక్స్ 60 నుంచి 115కు మారింది. పాత ప్లగిన్‌లను కొత్త పద్ధతికి తిరిగి రాయాల్సి వచ్చింది. కొందరు రాత్రుళ్లు మేలుకుని రాశారు, కొందరు చేతులెత్తేశారు. వదిలేసినవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. మీరు రోజూ వాడే ప్లగిన్‌కు విరాళాల పేజీ ఉందో లేదో ఒక్కసారైనా చూశారా? జొటెరో చందా డబ్బు ఆ రచయితకు చేరదు. ఆయన వేరు, ఆ సంస్థ వేరు.

గ్రంథపాలిక:
ఇన్నాళ్లూ గ్రంథాలయం వైపు నుంచి చూసినదాన్ని. మా చోట సమస్య డబ్బు లేకపోవడం కాదు, ఇచ్చే దారి లేకపోవడం. వాణిజ్య రిఫరెన్సు సాఫ్ట్‌వేర్‌కు ఏటా సంస్థాగత లైసెన్సు కొంటాం. కొటేషన్, ఇన్‌వాయిస్, ఆమోదం, చెల్లింపు, ఏ అడ్డంకీ ఉండదు. అదే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు విరాళం ఇద్దామంటే, ఏ పద్దు కింద రాయాలని లెక్కల విభాగం అడుగుతుంది. ప్రతిగా ఏమి అందిందో చూపాలి. ఉచితంగా దొరికేదానికి చెల్లింపు ఎందుకని ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది.

అందుకే విరాళం అనే మాట వదిలేసి చందా అనే మాట పట్టుకున్నాం. జొటెరోకు వ్యక్తిగత నిల్వతో పాటు ప్రయోగశాలలకూ సంస్థలకూ పథకాలు ఉన్నాయి. ఇన్‌వాయిస్ వస్తుంది, సేవ కనిపిస్తుంది, లెక్కల విభాగం ఊరుకుంటుంది. ప్రాజెక్టుకు అందాల్సిన డబ్బు అందుతుంది. వ్యక్తులు ఎంతమంది కొన్నా, ఒక సంస్థ క్రమం తప్పక కడితే వచ్చే స్థిరత్వం వేరు. మీలో ఎవరికైనా గ్రంథాలయ కమిటీలో మాట చెల్లుతుంటే దయచేసి ఈ విషయం ఎత్తండి. వాణిజ్య లైసెన్సును పునరుద్ధరించే ముందు, నిజంగా ఎంతమంది వాడుతున్నారో లెక్క తీయమని అడగండి.

ఇంకొకటి. శిక్షణ కూడా సహకారమే. కొత్త విద్యార్థులకు మేము తరగతులు పెట్టడం మొదలుపెట్టాక వాళ్ల ప్రశ్నలు చాలావరకు మా దగ్గరే తీరిపోతున్నాయి. అవన్నీ డెవలపర్ల దాకా వెళ్లి ఉంటే ఆ సమయమంతా కోడ్ నుంచి పోయేది.

సందేహి:
గ్రంథపాలిక గారి మాటలో బలముంది. కానీ వాడుకరుల చందా మీద బతకడం జొటెరో వంటి పెద్ద ప్రాజెక్టుకు చెల్లుతుంది. అమ్మడానికి నిల్వ వంటిదేదీ లేని ప్రాజెక్టుల సంగతి?

బిబ్‌ప్రియ:
జాబ్‌రెఫ్ అనే ఉచిత రిఫరెన్సు సాఫ్ట్‌వేర్ వాడేదాన్నే, నేను చెబుతాను. 2003 నుంచి ఉంది. మీ గ్రంథసూచి అంతా ఒక సాదా బిబ్‌టెక్ ఫైలు (గ్రంథసూచి వివరాలు రాసుకునే టెక్స్ట్ ఫైలు). క్లౌడ్ లేదు, సొంత సర్వర్లలో మీ ఫైళ్లు దాచే బాధ్యత లేదు, కాబట్టి నెలనెలా ఆ ఖర్చూ లేదు. అది నడిచేది మనుషుల సమయం మీద. విశ్వవిద్యాలయాల్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ చదివే విద్యార్థులు అభ్యాసంగా దాని మీద పనిచేస్తారు, కొత్తవాళ్లను ఓపెన్ సోర్స్ పనిలోకి తెచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ పథకం ద్వారా కొందరు వస్తారు. వచ్చినవాళ్లలో చాలామంది కోర్సు అయిపోగానే వెళ్లిపోతారు. ఒకరిద్దరు మిగిలి నిర్వాహకులవుతారు. కొత్తవాళ్లు చేసిన ప్రతి మార్పునూ పాతవాళ్లు కూర్చుని సమీక్షించాలి, అదే అక్కడి అసలు ఖర్చు. అందుకని "సర్వర్ లేదు కాబట్టి డబ్బు అక్కర్లేదు" అనుకోవద్దు. సమీక్షించే ఆ కొద్దిమంది అలసిపోతే అన్నీ ఆగిపోతాయి.

వేగుచుక్క:
సందేహి గారికి నమ్‌పై ఉదాహరణ చెబుతాను. రిఫరెన్సు సాఫ్ట్‌వేర్ కాకపోయినా కథ ఒకటే. పైథాన్ భాషలో చేసే శాస్త్ర గణనలకు పునాది అయిన ఈ లైబ్రరీ (సిద్ధంగా ఉన్న కోడ్ సముదాయం) 1.0 రూపం 2006లో వచ్చింది. దాని అభివృద్ధికి నేరుగా తొలి గ్రాంటు అందింది 2017లో, మూర్ ఫౌండేషన్ నుంచి. అన్నేళ్లూ ప్రపంచం దాని మీద నిలబడింది, దాన్ని నిలబెట్టినవాళ్లు తీరిక వేళల్లో పనిచేశారు. ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. చాన్ జుకర్‌బర్గ్ ఇనిషియేటివ్ 2019లో అత్యవసర ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పేరుతో ఒక పథకం పెట్టి, నిర్వహణ పనికే గ్రాంట్లు ఇచ్చింది. నమ్‌ఫోకస్, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ వంటి సంస్థలు చిన్న ప్రాజెక్టుల తరఫున విరాళాలు స్వీకరించి లెక్కలు చూస్తాయి. సొంతంగా సంస్థ నమోదు చేసుకోలేని ప్రాజెక్టులకు అది పెద్ద ఊరట.

గ్రాంట్లు ఇచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, దీన్ని ఎవరు వాడుతున్నారని. చాలా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వాడుకరుల మీద నిఘా పెట్టవు కాబట్టి వాటి దగ్గర ఆ లెక్క ఉండదు. చూపించగలిగేది పరిశోధన పత్రాల్లోని ఉల్లేఖనలే. మనం పత్రం రాసేటప్పుడు గణాంకాల ప్యాకేజీ పేరు రాస్తాం, మైక్రోస్కోపు తయారీ సంస్థ పేరు రాస్తాం. వాడిన రిఫరెన్సు సాఫ్ట్‌వేర్‌ను మాత్రం వదిలేస్తాం. క్రమబద్ధ సమీక్షల్లో వందల వ్యాసాలను జొటెరోలోనో జాబ్‌రెఫ్‌లోనో వడపోసి, ఆ ముక్క పద్ధతుల విభాగంలో రాయకపోవడం అన్యాయం. పేరు, వెర్షన్ సంఖ్య, ఒక్క వాక్యం. దానికి పైసా ఖర్చు లేదు.

నీలిసిరా:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చనంతా బృందానికి చూపించాను. మారిపోదామన్నవాళ్లు అక్షరకోడ్ గారు చెప్పిన ఫోల్డరు తెరిచి చూసుకున్నాక ఆ మాట మానేశారు. ఇప్పుడు కొత్త ప్రాజెక్టు బడ్జెట్ రాస్తున్నాం. "ఉమ్మడి గ్రంథసూచి, పీడీఎఫ్ నిల్వ సేవ: వార్షిక చందా" అని ఒక పద్దు పెడుతున్నాం. మేం రోజూ వాడే ప్లగిన్ రచయితకు మాత్రం సంస్థ డబ్బు పంపే వీల్లేదు, అందుకని తలా కొంత వేసుకుని పంపుతున్నాం. మా పత్రిక శైలిలో ఉన్న తప్పు నేను సరిచేయడానికి కూర్చుంటున్నాను, మూడోవరస గారు కాస్త దారి చూపాలి.

మూడోవరస:
తప్పకుండా. ముందు పత్రిక రచయితల మార్గదర్శకాల లింకు, అందులోంచి నాలుగైదు నమూనా ఉల్లేఖనలు తీసిపెట్టుకోండి. అవి లేకుండా ఎంత బాగా రాసి పంపినా నిర్వాహకులు కలపలేరు. శైలి ఫైలు ప్రధాన శైలా, లేక వేరొకదాన్ని చూపించేదా అన్నది చూసి చెప్పండి. రెండో రకమైతే మార్చాల్సింది ఆ ఫైలు కాదు.

గ్రంథపాలిక:
బడ్జెట్ పద్దులో "సాఫ్ట్‌వేర్ కొనుగోలు" అనే మాట రాకుండా చూసుకోండి. "సేవ" అనే ఉంచండి. ప్రాజెక్టు కాలం మొత్తానికి లెక్కగట్టి రాస్తే ఏటా కొత్తగా అనుమతి అడగక్కర్లేదు.

పాదసూచిక:
చందా తీసుకునే ముందు ఒకటి గమనించండి. గ్రూపు లైబ్రరీలోని ఫైళ్లు ఆ గ్రూపు యజమాని ఖాతాలోని నిల్వ కిందే లెక్కకు వస్తాయి. సభ్యులు విడివిడిగా స్థలం కొన్నా గ్రూపుకు ఉపయోగం ఉండదు, వెబ్‌డావ్ కూడా గ్రూపులకు పనిచేయదు. ఇప్పుడు యజమానిగా ఉన్నది త్వరలో చదువు ముగించుకుని వెళ్లే విద్యార్థి అయితే, ముందు గ్రూపు సెట్టింగుల్లో యాజమాన్యాన్ని బృందంలో ఎక్కువకాలం ఉండేవారి ఖాతాకు బదిలీ చేయండి. ఆ ఖాతా మీదే చందా కట్టండి.